వెల్డింగ్ లేకుండా రేకు అతకడం: స్ట్రక్చరల్ గమ్ముతో ప్యాచ్ వేసే పద్ధతి

చిన్న వ్యాను ఫ్లోరు రేకు కొత్తగా ఉన్నప్పుడే 0.8 మి.మీ. మందం. పదేళ్ల జంగు తిన్నాక చాలాచోట్ల అందులో సగమే మిగులుతుంది. దాని మీద ఆర్క్ రాడ్డు పెడితే రూపాయి బిళ్లంత బొక్క అరచేయంత అవుతుంది. సీఓటూ మెషీన్‌తో చుక్క చుక్కగా జాగ్రత్తగా పెట్టినా రేకు వేడికి వంకర తిరుగుతుంది, వెనక వైపు రంగు మాడిపోతుంది. ఆ మాడిన చోటే వచ్చే వానాకాలానికి మళ్లీ జంగు మొదలవుతుంది. పక్కనే పెట్రోలు పైపో, సీటు స్పాంజో, వైరింగో ఉంటే నిప్పురవ్వల భయం వేరు. ఇలాంటి పనికి రెండు భాగాల స్ట్రక్చరల్ గమ్ము, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడి బరువు మోసే గమ్ము, బాగా పనికొస్తుంది. అయితే దీనికి వెల్డింగ్ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. వెల్డింగులో తప్పు అప్పుడే కంటికి కనిపిస్తుంది. గమ్ములో తప్పు ఆరు నెలల తర్వాత బయటపడుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది వ్యాను ఫ్లోరులో జంగు పట్టిన భాగం కోసేశాక మిగిలిన 20 × 30 సెం.మీ. రంధ్రం. ఆటో బాడీ రేకు, డోరు కింది అంచు, బీరువా వెనక రేకు, కూలర్ ట్యాంకు, అన్నిటికీ వరస ఇదే.

ఏ పనికి వద్దు

ముందు ఇది తేల్చుకోండి. చాసిస్ రెయిలు, డోరు పక్క పిల్లర్లు, సీటు బెల్టు బోల్టు పడే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు, స్టీరింగ్ బాక్సు దగ్గర, వీటికి గమ్ము ప్యాచ్ వేయకండి. కొన్ని కంపెనీలు అలాంటి చోట్ల కూడా గమ్ము వాడతాయి. కానీ దానితోపాటు స్పాట్ వెల్డింగ్ ఉంటుంది, ఏ గమ్ము, ఎక్కడ, ఎంత అన్నది వాళ్ల రిపేర్ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం చేతిలో లేనప్పుడు ప్రాణం మీదికొచ్చే చోట ప్రయోగం చేయొద్దు. సైలెన్సర్ పక్కన, ఇంజను ఫైర్‌వాల్ మీద కూడా వద్దు, వేడికి గమ్ము మెత్తబడుతుంది. పెట్రోలు ట్యాంకు కారుతుంటే మార్చేయండి.

ట్రాక్టర్ ట్రాలీ అడుగు 3 మి.మీ. ప్లేటు. బొగ్గు లారీ బాడీ అంతకన్నా మందం. అక్కడ వెల్డింగే సులువు, చవక, నమ్మకం. 1.5 మి.మీ. దాటిన రేకుకు గమ్ము కోసం వెతకడంలో అర్థం లేదు. గమ్ముకు తగిన పని 0.6 నుంచి 1.2 మి.మీ. వరకు ఉన్న రేకులది. షాపులో గేజీ అడుగుతారు కాబట్టి గుర్తుంచుకోండి: 18 గేజు దాదాపు 1.2 మి.మీ., 20 గేజు 0.9, 22 గేజు 0.7.

బలం అతుకు ఆకారంలో ఉంటుంది

గోడకు అంటించిన పోస్టరును పక్కకు నెడితే కదలదు. మూల గోరుతో లేపి లాగితే మొత్తం ఊడొస్తుంది. గమ్ము అతుకు నడవడిక సరిగ్గా ఇదే. ఒక రేకు మీద ఇంకో రేకు పక్కకు జారేటట్టు లాగే బలాన్ని షియర్ అంటారు, అంచు లేపి ఊడబీకే బలాన్ని పీల్ అంటారు.

లెక్క చూడండి. 25 మి.మీ. వెడల్పున్న రెండు రేకు పట్టీలను 25 మి.మీ. మేర ఒకదాని మీద ఒకటి అతికించారు. అతుకు వైశాల్యం 625 చదరపు మి.మీ. మంచి ఎపాక్సీ చదరపు మి.మీ.కు 15 న్యూటన్లు ఆపిందనుకుంటే మొత్తం 9,000 న్యూటన్ల పైన, అంటే 900 కిలోల పైచిలుకు. అదే పట్టీ 0.8 మి.మీ. మందం మెత్తని ఉక్కయితే 4,000 న్యూటన్ల దగ్గరే, అంటే 400 కిలోలకే, రేకు సాగడం మొదలుపెడుతుంది. అతుకు ఊడకముందే రేకు పోతుందన్న మాట. ఇప్పుడు అదే అతుకును అంచు పట్టి పీకండి. మి.మీ. వెడల్పుకు 5 న్యూటన్ల చొప్పున 125 న్యూటన్లు. పన్నెండు పదమూడు కిలోల బలానికి ఊడొస్తుంది.

అందుకే ఎంత ఖరీదైన గమ్ము కొన్నారన్నదానికన్నా, బరువు అతుకును జరుపుతుందా, నొక్కుతుందా, లేపుతుందా అన్నది ముఖ్యం. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ కారుకు అల్యూమినియం చాసిస్ మొత్తం ఎపాక్సీతో అతికించిందే. అయినా అతుకుల చివర్లలో పీల్ మొదలుకాకుండా స్క్రూ లాంటి ఫాస్టెనర్లు బిగించారు. మన ప్యాచ్‌కు ఆ పని పాప్ రివెట్లు (ఒక వైపు నుంచే గన్నుతో బిగించే రివెట్లు) చేస్తాయి.

ఏ గమ్ము కొనాలి

రెండు రకాలు చూడండి. ఒకటి టఫెన్డ్ ఎపాక్సీ, షాపులో ప్యానెల్ బాండ్ అని అడగండి. నెమ్మదిగా గట్టిపడుతుంది, సర్దుకోవడానికి గంట, గంటన్నర టైము ఇచ్చే రకాలు దొరుకుతాయి, ఉక్కు మీద పట్టు బాగుంటుంది. రెండోది మిథాక్రిలేట్. ఘాటు వాసన, ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో పట్టేస్తుంది. కొద్దిపాటి మురికిని ఓర్చుకుంటుంది, అల్యూమినియం మీదా ప్లాస్టిక్ మీదా బాగా పనిచేస్తుంది. చిన్న ప్యాచ్‌కు, చలికాలానికి మిథాక్రిలేట్ మంచిది. ఎండాకాలంలో పెద్ద ప్యాచ్ దానితో మొదలుపెడితే సగం పూసేలోపే గట్టిపడుతుంది. మన ఉదాహరణకు ఎపాక్సీ తీసుకోండి.

డేటా షీటులో మూడు అంకెలు చూడండి: ల్యాప్ షియర్ 15 మెగాపాస్కల్స్ (చదరపు మి.మీ.కు 15 న్యూటన్లు) పైన ఉండాలి, పీల్ విలువ అసలు రాసి ఉండాలి, వాడుక ఉష్ణోగ్రత 80 డిగ్రీల దాకా ఉండాలి. పీల్ రాయని గమ్ము చాలావరకు గాజులా పెళుసుగా ఉంటుంది. మూడో అంకెను మన వైపు అస్సలు వదలకూడదు. మే నెలలో రామగుండం, జగిత్యాల వైపు గాలే 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో నిలబెట్టిన ముదురు రంగు బండి రేకు 70 డిగ్రీలు దాటగలదు. మామూలు గది వేడిలో గట్టిపడిన కొన్ని ఎపాక్సీలు 50, 60 డిగ్రీలకే మెత్తబడతాయి.

ఇంట్లో ఉండే అరాల్డైట్ స్టాండర్డ్ చిన్న బ్రాకెట్టుకు సరే, ఊగిసలాడే ఫ్లోరుకు కాదు. ఫెవిక్విక్ దెబ్బకూ వేడికీ ఆగదు. ఎం-సీల్ బొక్క మూసే ముద్ద, బరువు మోసేది కాదు. బాడీ పుట్టీ సంగతీ అంతే. పుల్లటి వాసనొచ్చే సిలికాన్ అయితే ఉక్కుకు తానే జంగు పట్టిస్తుంది, పైగా దాని మీద రంగు నిలవదు.

ఎంత గమ్ము, ఏం సామాను

రంధ్రం 200 × 300 మి.మీ. చుట్టూ 25 మి.మీ. అతుకు వదిలితే ప్యాచ్ 250 × 350 మి.మీ. అతుకు వైశాల్యం 27,500 చదరపు మి.మీ. గమ్ము పొర 0.3 మి.మీ. మందం ఉంటే 8 మిల్లీ లీటర్ల కన్నా కాస్త ఎక్కువ. రెండు వైపులా పూత, అంచుల్లోంచి బయటికొచ్చేది, మిక్సింగ్ నాజిల్లో ఉండిపోయేది, మొదట పారేసేది కలిపితే 20 నుంచి 25. 50 మిల్లీ లీటర్ల జంట కార్ట్రిడ్జ్ (రెండు భాగాలూ పక్కపక్కన ఉండే గొట్టం) ఒకటి చాలు. దాని గన్ను, రెండు నాజిళ్లు తీసుకోండి. ఒక నాజిల్ మూసుకుపోతే ఇంకోటి చేతిలో ఉండాలి.

ప్యాచ్‌కు 20 లేదా 22 గేజు సీఆర్ రేకు (కోల్డ్ రోల్డ్, జింకు పూత లేని మామూలు ఉక్కు రేకు), అసలు రేకు మందానికి దగ్గరగా ఉన్నది. మందం ఎక్కువైతే బలం పెరుగుతుందనుకుంటారు, కానీ బిర్రుగా ఉన్న ప్యాచ్ వంగదు, పలుచటి ఫ్లోరు వంగుతుంది, అంచులో పీల్ మొదలవుతుంది. ఇంకా 3.2 మి.మీ. స్టీలు పాప్ రివెట్లు పద్నాలుగు, 80 నంబరు ఎమరీ డిస్కు, అసిటోన్ అర లీటరు, ఉతికిన తెల్ల నూలు గుడ్డలు, ప్లాస్టిక్ గీకుడు పట్టీ, నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, 0.25 మి.మీ. నైలాన్ గాలం దారం ఒక మీటరు. దారం ఎందుకో తర్వాత చెప్తాం.

కోత, ప్యాచ్ తయారీ

స్క్రూడ్రైవర్ మొనతో జంగు చుట్టూ పొడుచుకుంటూ వెళ్లండి. దిగబడిన చోటల్లా తీసేయాల్సిందే. గట్టి రేకు మొదలైన చోటు నుంచి ఇంకో 10 మి.మీ. బయటికి గీత గీసి కోయండి. జంగు మీద అతికిస్తే గమ్ము జంగును పట్టుకుంటుంది, జంగు రేకును పట్టుకోదు. రంధ్రం మూలలు, ప్యాచ్ మూలలు రెండూ 20 నుంచి 25 మి.మీ. గుండ్రంగా తిప్పండి. కోసుగా ఉన్న మూల నుంచే ఊడడం మొదలవుతుంది.

ప్యాచ్ ఏ వైపు నుంచి వేయాలన్నది బరువును బట్టి. ఫ్లోరు మీద కాలు, సరుకు బరువు పైనుంచి పడుతుంది కాబట్టి ప్యాచ్ కూడా పైనుంచే వేయండి, బరువు అతుకును నొక్కుతుంది. కిందినుంచి వేస్తే ప్రతి అడుగూ దాన్ని ఊడగొట్టే అడుగే. బయటికి కనిపించే డోరు రేకుకు మాత్రం ఫ్లాంజింగ్ టూలుతో అంచును రేకు మందమంత లోపలికి మెట్టు కొట్టి, ప్యాచ్ సమంగా కూర్చునేలా చేయాలి.

కత్తిరించాక అంచుల్లో లేచిన ముళ్లను ఆకురాయితో తీసేయండి. ఒక్క ముల్లు మిగిలినా రేకు పైకి లేచి ఉంటుంది. ఇప్పుడు గమ్ము లేకుండా పొడిగా కూర్చోబెట్టి చూడండి. వేలితో మెల్లగా నొక్కితే చుట్టూ ఆనాలి, ఎక్కడా అర మి.మీ. కన్నా సందు ఉండకూడదు. సందుంటే డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మె), సుత్తెతో సరిచేయండి. గట్టిగా క్లాంపు వేసి వంచి కూర్చోబెడితే ఆ రేకు స్ప్రింగులా రోజూ అతుకును లాగుతూనే ఉంటుంది.

కూర్చుందనుకున్నాక రివెట్ల రంధ్రాలు 3.3 మి.మీ. బిట్టుతో ఇప్పుడే వేయండి. ముందు నాలుగు మూలలు, తర్వాత 80 నుంచి 100 మి.మీ.కు ఒకటి, అతుకు వెడల్పు మధ్యలో. అన్ని ముళ్లూ మళ్లీ తీసేయండి. శుభ్రం చేశాక డ్రిల్లింగ్ పెట్టుకుంటే నూనె, పొట్టు పడి మళ్లీ మొదటికొస్తుంది.

శుభ్రం: పని సగం ఇక్కడే

ఊడొచ్చిన ప్యాచ్‌లలో ఎక్కువ వాటికి కారణం ఈ దశే. వరస మార్చకండి: ముందు జిడ్డు తీయాలి, తర్వాత రాపిడి, మళ్లీ జిడ్డు. ముందే గ్రైండర్ పెడితే నూనె గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు. కొత్త సీఆర్ రేకు మీద కూడా జంగు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుంది.

తుడవడానికి రెండు గుడ్డలు. ఒకటి అసిటోన్‌తో తడిపి ఒకే దిశలో తుడవండి, అది ఆరకముందే వెంటనే పొడి గుడ్డతో ఎత్తేయండి. ఆరనిస్తే జిడ్డు కరిగి మళ్లీ అక్కడే పరుచుకుంటుంది. పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా కొత్త వైపు తిప్పుకుంటూ చేయండి. పెయింటు షాపు థిన్నర్ వద్దు, అందులో ఏమేం కలిసి ఉంటాయో డబ్బా డబ్బాకు తేడా. పెట్రోలు, కిరోసిన్, డీజిల్ అసలే వద్దు, అవి జిడ్డు పొర వదిలిపెడతాయి. అసిటోన్ గుడ్డలు గ్రైండర్‌కు దూరంగా, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

రాపిడి 80 నంబరుతో, రంగు, ప్రైమరు, జంగు అన్నీ పోయి తెల్లగా మెరిసేదాకా. అతుకు వెడల్పు కన్నా 10 మి.మీ. ఎక్కువ మేర తీయండి. రెడ్ ఆక్సైడ్ మీద అతికిస్తే మీ అతుకు బలం ఆ రెడ్ ఆక్సైడ్ బలమే. జంగును నల్లగా మార్చే కెమికల్ పూసిన చోటా అంతే, గీకేయాల్సిందే. వైరు బ్రష్షు రేకును నున్నగా చేసి మెరిపిస్తుంది, గమ్ముకు కావలసింది గరుకు. జీఐ రేకయితే జింకు పొర పోకుండా 180 నంబరుతో పైపైన గీసి, తెల్ల జంగు మాత్రం పూర్తిగా తీసేయండి. కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదేముందు ట్యాంకులో నీళ్లు, నూనె వదిలేయండి. వీలైతే గాలి మానేసి గుడ్డతోనే తుడవండి. చివరగా మళ్లీ రెండు గుడ్డల పద్ధతి.

సరిగ్గా శుభ్రమైందో లేదో చూడాలంటే అదే రేకు తునకను అదే పద్ధతిలో తయారుచేసి, దాని మీద మంచినీళ్లు చల్లండి. నీళ్లు ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీద నీటిలా బొట్లు కడితే జిడ్డు ఉంది. అసలు పని మీద నీళ్లు చల్లకండి, నిమిషాల్లో పలుచటి జంగు లేస్తుంది.

ఇక్కడినుంచి చేత్తో ముట్టుకోవద్దు. మే నెలలో రేకుల షెడ్డు కింద వంగి పనిచేస్తుంటే నుదుటి చెమట బొట్టు అతుకు మీద పడడం చాలా మామూలు. తలకు రుమాలు కట్టుకోండి. పడితే ఆ చోటు మళ్లీ గీకి మళ్లీ తుడవాలి, వేరే దారి లేదు. పొడి రోజుల్లో గంట లోపు, వానల్లో అర గంట లోపు గమ్ము పూసేయాలి. గాలిలో తేమ ఉంటే తెల్లటి ఉక్కు అంతకన్నా ఆగదు.

కలపడం

కార్ట్రిడ్జ్ మూత తీసి, నాజిల్ పెట్టకుండా కొంచెం నొక్కండి. రెండు వైపుల నుంచీ సమంగా వచ్చేదాకా బయటికి తీసి తుడిచేయండి. అప్పుడు నాజిల్ బిగించి, మొదట వచ్చే నాజిల్ పొడవంత గమ్మును అట్టముక్క మీద వదిలేయండి, అది సరిగ్గా కలిసి ఉండదు. తర్వాత ఇంకో అట్ట మీద చిన్న చుక్క పెట్టి టైము రాసి పక్కన ఉంచండి. లోపల అతుకు గట్టిపడిందా లేదా అన్నది మీకు చెప్పేది ఆ చుక్కే.

డబ్బాల్లో వచ్చే రకమైతే గ్రాముల తూకం వాడండి, కంటి కొలత వద్దు. పలుచటి పలక మీద చారలు పోయేదాకా రెండు నిమిషాలు కలపండి. లోతు గిన్నెలో ముద్దగా కలిపితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. ఎండాకాలంలో ఒకసారికి 30 గ్రాములు మించొద్దు.

టింకరింగ్ పని తెలిసినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే ఉంది. బాడీ పుట్టీలో చలికాలం హార్డనర్ కాస్త ఎక్కువ వేసి త్వరగా గట్టిపరచడం అలవాటు. ఎపాక్సీలో ఆ పని చేయకూడదు. పుట్టీ హార్డనర్ ప్రతిచర్యను మొదలుపెట్టే మందు మాత్రమే. ఎపాక్సీ హార్డనర్ గమ్ములోనే ఒక భాగం, ఒక్కొక్క అణువుకూ జత కావాలి. ఎక్కువైన హార్డనర్ జత దొరక్క మిగిలిపోతుంది, అతుకు ఎప్పటికీ జిగటగానో మెత్తగానో ఉండిపోతుంది.

పూత, కూర్చోబెట్టడం

ప్లాస్టిక్ పట్టీతో రెండు రేకుల మీదా పలుచగా, గట్టిగా గీకుతూ పూయండి. గమ్ము గీతల లోపలికి దిగాలి. తర్వాత ఫ్లోరు వైపు మాత్రం, అతుకు మధ్యలో, తెగకుండా ఒకే తీగలా 4 మి.మీ. లావున గమ్ము వేయండి. రివెట్ రంధ్రాల చుట్టూ తిప్పి వేయండి.

గమ్ములోనే సన్నని గాజు పూసలు కలిపి ఉన్నాయని డబ్బా మీద రాసి ఉంటే పొర మందం అదే చూసుకుంటుంది. లేకపోతే గాలం దారాన్ని 20 మి.మీ. ముక్కలుగా కోసి, నాలుగైదు చోట్ల గమ్ములో అడ్డంగా పెట్టండి. గట్టిగా బిగించినకొద్దీ బాగా అతుకుతుందని చాలామంది నమ్మకం. ఫెవికాల్ కట్టెకు అది నిజం, ఇక్కడ తప్పు. గమ్మంతా బయటికి పోయి లోపల పొడిబారుతుంది. 0.2 నుంచి 0.3 మి.మీ. పొర మిగలాలి, దారం ఆ పని చేస్తుంది.

ప్యాచ్‌ను ఒకేసారి దించండి. సరిగ్గా లేదని మళ్లీ పైకి ఎత్తకండి, గాలి బుడగలు చిక్కుతాయి. పక్కకు జరిపి సర్దండి. మూలల రివెట్లను గమ్ములో ముంచి ముందు ఎదురెదురు మూలలు, తర్వాత మిగతావి కొట్టండి. రివెట్లే క్లాంపులుగా పనిచేస్తాయి. మధ్యలో ఎక్కడైనా లేచి ఉంటే పాలిథీన్ కాగితం పరిచి ఇసుక సంచి పెట్టండి. పాలిథీన్‌కు ఎపాక్సీ అంటుకోదు.

చుట్టూ అంచు పొడుగునా గమ్ము తెగకుండా బయటికి రావాలి. రాని చోట లోపల ఖాళీ ఉన్నట్టే. వచ్చిన దాన్ని తుడిచేయకుండా పట్టీతో చిన్న వాలుగా నునుపు చేయండి, ఆ వాలు అంచు మీద పడే ఒత్తిడిని తగ్గిస్తుంది. అసిటోన్ గుడ్డ ఇప్పుడు దగ్గరికి రాకూడదు, సందులోకి కారి గమ్మును పలుచన చేస్తుంది.

చేతికి అంటితే సబ్బు నీళ్లతో కడగండి, థిన్నర్‌తో కాదు. థిన్నర్ చర్మపు జిడ్డు తీసేసి ఎపాక్సీని లోపలికి పంపిస్తుంది. ఒకసారి ఎపాక్సీ పడక దురద, దద్దుర్లు మొదలైతే జీవితాంతం వదలకపోవచ్చు, ఆ మనిషి ఈ పనే మానుకోవాల్సి వస్తుంది. గ్లౌజుల విషయంలో బద్ధకించకండి.

గట్టిపడే టైము, మన కాలాలు

డబ్బా మీది టైములు 23, 25 డిగ్రీలకు రాసినవి. సుమారుగా ప్రతి 10 డిగ్రీలు పెరిగితే టైము సగమవుతుంది, తగ్గితే రెట్టింపు. 90 నిమిషాలు ఆగే గమ్ము 40 డిగ్రీల మధ్యాహ్నం 30 నిమిషాలే ఆగుతుంది. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారుజామునో, పొద్దుగూకినంకనో మొదలుపెట్టండి. బండి నీడలోనే ఉండాలి. ఉక్కు మీటరు పొడవుకు 30 డిగ్రీల వేడికి 0.36 మి.మీ. సాగుతుంది. సగం గట్టిపడిన అతుకు మీద ఎండ పడితే ఫ్లోరు సాగుతుంది, ప్యాచ్ వేరుగా సాగుతుంది, గమ్ము లోపల్లోపలే చిరుగుతుంది.

డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి 10 డిగ్రీల కిందికి పడుతుంది. అక్కడ చాలా ఎపాక్సీలు దాదాపు ఆగిపోతాయి. పొద్దున పదకొండు తర్వాత మొదలుపెట్టి, సాయంత్రానికి హాలోజన్ దీపం దూరంగా పెట్టి రేకును 40, 50 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచండి. కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడండి. అట్ట మీది చుక్క గోరు దిగనంత గట్టిపడేదాకా బండి కదపకూడదు, జాకీ పెట్టకూడదు, డోరు విసిరి మూయకూడదు. ఆ తర్వాత కూడా 24 గంటలు సరుకు వేయకండి. పూర్తిగా గట్టిపడ్డాక ఒకసారి గమ్ము కంపెనీ చెప్పిన వేడి, మామూలుగా 60 నుంచి 80 డిగ్రీలు, అర గంట ఇస్తే ఎండను తట్టుకునే శక్తి ఇంకా పెరుగుతుంది.

కార్ట్రిడ్జ్‌లను రేకుల షెడ్డులో దాచకండి. మిగిలిన దానికి నాజిల్ అలాగే వదిలేసి, మళ్లీ వాడేటప్పుడు కొత్తది పెట్టుకోండి.

సీలింగ్, ఎర్తు

తెల్లటి ఉక్కు ఎక్కడా బయట ఉండకూడదు. ఎపాక్సీ ప్రైమరు, దాని మీద అతుకు అంచు పొడుగునా సీమ్ సీలర్ (సందు మూసే పేస్టు), పైన రంగు. ఫ్లోరు కింది వైపు రంధ్రం అంచు కనిపిస్తుంటుంది, అక్కడా సీలర్ నింపి అండర్‌బాడీ కోటు కొట్టండి. యూరియా, డీఏపీ బస్తాలు మోసే బండికి ఇది మరీ అవసరం. చెమ్మగిల్లిన ఎరువు ఉప్పు అంచు సందులోంచి దూరి గమ్ము కింద జంగు పట్టిస్తుంది.

గమ్ము కరెంటును పారనివ్వదు. వెల్డింగ్ చేసిన రేకు తనంతట తాను ఎర్తు అవుతుంది, అతికించినది కాదు. రివెట్లను నమ్ముకోవద్దు, వాటి చుట్టూ కూడా గమ్మే. కొత్త రేకుకు దీపమో, సెన్సరో, దాని ఎర్తు స్క్రూనో బిగిస్తుంటే బాడీకి వేరే ఎర్తు వైరు వేయండి. టెయిల్ లైటు మినుకుమినుకుమంటోందని బల్బులు మార్చుకుంటూ కూర్చునే బండ్లలో ఇదీ ఒక కారణం.

కూలర్ ట్యాంకు

పద్ధతి అదే, మూడు తేడాలు. నీళ్లు లోపలి నుంచి నెడతాయి కాబట్టి ప్యాచ్ లోపలి నుంచి. బోరు నీళ్ల తెల్ల ఉప్పు పొరను పూర్తిగా గీకి, కడిగి, ఎండబెట్టాకే అసిటోన్. రివెట్లు కొట్టకుండా ఇసుక సంచి బరువుతోనే సరిపెట్టండి, ప్రతి రివెట్ ఒక కొత్త కారుడు. రెండు రోజుల తర్వాత అడుగు మొత్తానికి ఎపాక్సీ పెయింటు రెండు కోట్లు వేశాకే నీళ్లు నింపండి. తాగే నీళ్ల ట్యాంకుకు మాత్రం, ఆహారానికి తగినదని డబ్బా మీద రాసి లేకపోతే, ఈ గమ్ము వాడకండి.

ఊడితే ఏం చూడాలి

అసలు పనితోపాటే 25 మి.మీ. పట్టీలు రెండు అదే గమ్ముతో, అదే పద్ధతిలో అతికించి పెట్టుకోండి. రెండో రోజు వైసులో బిగించి ఉలితో విడదీయండి. గమ్ము రెండు పట్టీల మీదా మిగిలితే పని సరిగ్గా ఉంది, గమ్ము తన బలమంతా ఇచ్చాకే చిరిగింది. ఒక పట్టీ తళతళ మెరుస్తూ గమ్మంతా రెండో దాని మీద ఉంటే ఆ మెరిసే వైపు జిడ్డు పోలేదు. గమ్ము జిగటగా ఉంటే కొలత తప్పింది, లేదా చలి. బుడగల గుంటలు కనిపిస్తే పైకి ఎత్తి మళ్లీ దించారు, లేదా రేకు తడిగా ఉంది. గోధుమరంగు పొర ఉంటే గమ్ము పూయడం ఆలస్యమై జంగు లేచింది.

బండి మీద ఉన్న ప్యాచ్‌ను స్క్రూడ్రైవర్ పిడితో అతుకు పొడుగునా కొట్టుకుంటూ వినండి. ఒకే రకం నిండు శబ్దం రావాలి. ఎక్కడైనా డొల్లగా మోగితే లోపల ఖాళీ, గుర్తు పెట్టి నెలకోసారి చూడండి. మూల దగ్గర మోగితే మాత్రం ఆగకుండా తీసేసి మళ్లీ వేయండి. తీయడానికి రివెట్లు డ్రిల్ చేసి, హీట్ గన్నుతో 150 నుంచి 200 డిగ్రీల దాకా వేడి చేస్తూ పలుచటి ఉలితో లేపాలి. పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి.

రంగు వేసేముందు ప్యాచ్ పక్కన, సీటు కిందో మ్యాటు కిందో కనిపించేచోట, పెయింటు మార్కరుతో తేదీ రాసి, దాని కింద పెద్దగా ఇలా రాయండి: గమ్ము అతుకు, వెల్డింగ్ పెట్టొద్దు. రెండేళ్ల తర్వాత ఆ బండి కింద పడుకునే మేస్త్రికి ప్యాచ్ ఎలా వేశారో తెలియదు. పక్కన ఒక్క చుక్క వెల్డింగ్ పెట్టినా చుట్టూ అరచేయి వెడల్పున గమ్ము మాడిపోతుంది.